ఆయకట్టు కంచం

2025 మార్చి 30న, ఉగాది రోజున, హుజూర్‌నగర్‌లో రేషన్ కార్డుల మీద సన్నబియ్యం పంపిణీ మొదలైంది. మనిషికి నెలకు 6 కిలోలు. అంతకుముందు కంట్రోల్ దుకాణంలో ఇచ్చే దొడ్డుబియ్యాన్ని తినలేక అమ్ముకునేవాళ్ళు ఊరూరా ఉండేవారు కాబట్టి, పేదింటి పొయ్యి మీదికి తినబుద్ధయ్యే బియ్యం చేరడాన్ని ఎవరూ తప్పుపట్టరు. కానీ ఆ 6 కిలోలను ఒకసారి ముప్పై రోజులకు పంచి చూడండి. రోజుకు 200 గ్రాములు వస్తాయి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల ప్రకారం రోజుకు 2,000 కేలరీలు కావలసిన మనిషికి అన్ని రకాల ధాన్యాలూ కలిపి 250 గ్రాములు చాలు. అంటే బియ్యం, గోధుమలు, రవ్వ, అటుకులు, జొన్నలు అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. రేషన్ బియ్యం ఒక్కటే 200 గ్రాములు తీసేసుకుంటే పొద్దున ఇడ్లీకీ, దోసెకూ, సాయంత్రం సర్వపిండికీ మిగిలేది 50 గ్రాములు. అదే పళ్ళెంలో పప్పుదినుసులు 85 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు ఉండాలని కూడా ఆ సంస్థ రాసింది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కల ఏ ఇంట్లోనైనా ఈ రెండో సగం కొలత పాటిస్తున్నారా అన్నది ఎవరి వంటింట్లో వాళ్ళు చూసుకోవలసిందే. షుగర్ జబ్బు గురించి ఇక్కడ మాట్లాడుకోవలసిన మొదటి విషయం చక్కెర డబ్బా కాదని, బియ్యం గ్లాసని నా వాదన.

షుగర్ అనగానే తీపి మానేయడం మనకు అలవాటైపోయింది. చాయ్‌లో చక్కెర ఆపేస్తారు, లడ్డూ పక్కకు నెడతారు, మామిడిపండు వైపు చూడరు. ఆ తర్వాత కంచం నిండా అన్నం పెట్టుకుని నిశ్చింతగా తింటారు. అన్నంలోని పిండిపదార్థమంతా కడుపులో విడిపోయి చివరికి గ్లూకోజుగానే రక్తంలోకి చేరుతుంది. దాన్ని కండరాల్లోకి, కాలేయంలోకి పంపే పని ఇన్సులిన్‌ది. శరీరం ఇన్సులిన్ మాట వినడం తగ్గించినప్పుడు, దాన్ని తయారుచేసే క్లోమం కూడా అలసిపోయినప్పుడు గ్లూకోజు రక్తంలోనే నిలిచిపోతుంది. భారతీయుల శరీరతత్వం దీనికి మరికాస్త తోడవుతుంది. చేతులూ కాళ్ళూ సన్నగా ఉండి, పొట్ట మాత్రం ముందుకు వచ్చిన మనిషిని మనం లావని అనం. కానీ ఆ పొట్టలోని కొవ్వే ఇన్సులిన్‌కు అడ్డం పడుతుంది. అందుకే మనవాళ్ళకు నడుము కొలత మగవారిలో 90 సెంటీమీటర్లు, ఆడవారిలో 80 సెంటీమీటర్లు దాటగానే జాగ్రత్తపడమంటారు. దేశం మొత్తం మీద భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) చేయించిన పెద్ద సర్వే లెక్కలు 2023లో వచ్చాయి. వాటి ప్రకారం 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉంది. షుగర్ గట్టు మీద నిలబడి ఉన్నవారు, అంటే రక్తంలో గ్లూకోజు పెరిగినా ఇంకా షుగర్ దాకా రానివారు, మరో 13 కోట్ల 60 లక్షల మంది.

దీనికి ఊళ్ళలో వెంటనే వినిపించే జవాబు ఒకటుంది: మా తాతలు కుండెడు బువ్వ తిన్నారు, వాళ్ళకు లేని షుగర్ మాకెందుకొస్తుంది? తాతలు తిన్న మాట నిజమే. ఏం తిన్నారన్నదే అడగాలి. నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన 1955 డిసెంబరు 10న జరిగింది. కాలువలకు నీళ్ళు వదిలింది 1967 ఆగస్టు 4న. ఎడమ కాలువ పారకముందు మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతం చాలావరకు మెట్ట. చెరువు కింద కాస్త వరి, మిగతాదంతా జొన్న, సజ్జ, కంది, పెసర, ఆముదం. రోజూ తిన్నది జొన్న గటక, జొన్న రొట్టె, అంబలి. వరి బువ్వ పండగకో, చుట్టం వచ్చినప్పుడో. కాలువ వచ్చాక రెండు తరాల్లో కంచం రంగు మారిపోయింది. జొన్న పోయిందని బాధపడేవారు చాలామందే ఉన్నారు గానీ, జొన్నచేలో సాళ్ళ మధ్య పెరిగిన కంది, పెసర కూడా దాంతోపాటే పోయాయని గుర్తుచేసుకునేవారు తక్కువ. నా దృష్టిలో పెద్ద నష్టం అదే. రెండో మార్పు ఒంటి పనిలో వచ్చింది. నాగలి పోయి ట్రాక్టరు వచ్చింది, కొడవలి పోయి కోత మిషను వచ్చింది, బస్తా మోసిన భుజం ఇప్పుడు బైకు మీద కూర్చుంది. కండరం పని చేస్తున్నప్పుడు ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే రక్తంలోని గ్లూకోజును లాగేసుకుంటుంది. తాత తిన్న కుండెడు బువ్వ పొద్దుగూకేలోపు పొలంలోనే ఖర్చయిపోయేది. మనం ఆయన ఆకలిని వారసత్వంగా ఉంచుకుని, ఆయన పనిని మిషనుకు అప్పజెప్పాం.

అయితే జొన్నకే తిరిగి పోదాం, లేదా చపాతీ తిందాం అన్నది రెండో జవాబు. డాక్టరు దగ్గరనుంచి వచ్చిన మర్నాడే రాత్రి అన్నం మానేసి నాలుగు చపాతీలు తినడం మన పట్టణాల్లో షుగర్ వచ్చినట్టు చాటే ఆచారంగా మారింది. ఈ నమ్మకాన్ని కొంచెం నిదానంగా పరీక్షించాలి. మొదట మిర్యాలగూడనే తీసుకుందాం. ఈ ఊరు మిల్లుల ఊరు. యాసంగి వడ్లు ఎండకు పగిలి నూక అవుతాయి కాబట్టి వాటిని వేడినీళ్ళలో నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెట్టి ఆడిస్తారు. అదే ఉప్పుడు బియ్యం, మిల్లువాళ్ళ మాటలో బాయిల్డ్ రైస్. ఆవిరి పట్టినప్పుడు తవుడులోని బి విటమిన్లు కొంత గింజలోకి దిగుతాయి. గింజలోని పిండి ఉడికి, మళ్ళీ గట్టిపడి, కాస్త నిదానంగా అరుగుతుంది. అంటే మామూలు పచ్చిబియ్యం కంటే షుగర్ మనిషికి ఇది ఒక మెట్టు నయమే. కానీ ఇక్కడివాళ్ళు దాన్ని తినరు. కేరళ, తమిళనాడు వంటి రాష్ట్రాల్లో తింటారు. మరి తరతరాలుగా ఉప్పుడు బియ్యమే తినే కేరళ పరిస్థితి ఏమిటి? ఐసీఎంఆర్ సర్వేలో అక్కడి పెద్దల్లో 25.5 శాతం మందికి షుగర్ ఉంది, దేశంలోనే ముందు వరుస. రొట్టెలు తినే చండీగఢ్‌లో 20 శాతం దాటింది. కేరళలో వయసు మళ్ళినవారు ఎక్కువ, చండీగఢ్‌లో డబ్బున్నవారు ఎక్కువ, కాబట్టి తప్పంతా తిండిదేనని నేను అనను. గింజ మార్చినంత మాత్రాన షుగర్ పారిపోదని చెప్పడానికి మాత్రం ఈ రెండు అంకెలూ సరిపోతాయి.

ఇంకో పరీక్ష ఇంటికి దగ్గరగానే ఉంది. రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయం 2015లో విడుదల చేసిన ఆర్‌ఎన్‌ఆర్ 15048 రకాన్ని తెలంగాణ సోనా అంటారు. ఈ సాగర్ ఆయకట్టులోనూ విరివిగానే వేశారు. దాని గ్లైసీమిక్ సూచిక 51 పైచిలుకు. తిన్న తిండి ఎంత వేగంగా రక్తంలో గ్లూకోజును పెంచుతుందో చెప్పే అంకె అది, ఉత్త గ్లూకోజుకు 100 అనుకుంటే. బాగా పాలిష్ పట్టిన మామూలు బియ్యానికి అది 70 దాకా ఉంటుంది. ఇక్కడిదాకా మంచి వార్తే. కానీ బజార్లో దాన్ని షుగర్ ఫ్రీ బియ్యమని పిలవడం మొదలైంది, ఆ పేరే ముంచుతుంది. వంద గ్రాముల బియ్యంలో సుమారు 78 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది, ఏ రకమైనా. మామూలు బియ్యం 100 గ్రాములు వండుకుంటే 78లో 70 శాతం, అంటే రక్తం మీద 55 దాకా గ్లూకోజు భారం. షుగర్ ఫ్రీ కదా అన్న ధీమాతో సోనా బియ్యం 150 గ్రాములు వండుకుంటే 117లో 51 శాతం, అంటే 60. తక్కువ సూచిక ఉన్న బియ్యం తిన్న మనిషి మీదే ఎక్కువ భారం పడింది. తప్పు వంగడానిది కాదు, మారు వడ్డించుకున్న గరిటెది.

ఈ లెక్క మనం కాగితం మీద వేసుకున్నదే కాదు. చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్, ఐసీఎంఆర్ కలిసి చేసిన అదే సర్వేలో తిండి భాగాన్ని విడిగా విశ్లేషించి 2025 సెప్టెంబరులో ప్రచురించారు. భారతీయుల రోజువారీ కేలరీల్లో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోందని అందులో తేలింది. పాలిష్ బియ్యం బదులు ముడి గోధుమలో, చిరుధాన్యాలో తిన్నవారిలో మొత్తం పిండిపదార్థం తగ్గకపోతే ముప్పు కూడా తగ్గలేదు. అదే రోజు కేలరీల్లో 5 శాతం మేర పిండిపదార్థం తీసేసి, ఆ చోట పప్పుల నుంచో పాల నుంచో వచ్చే మాంసకృత్తులు పెడితే ముప్పు తగ్గినట్టు కనిపించింది. ఇది సర్వే, మందుల మీద చేసే ప్రయోగం లాంటిది కాదు కాబట్టి చివరి తీర్పని అనలేం. అయినా కేరళ అంకె, చండీగఢ్ అంకె, సోనా బియ్యం లెక్క అన్నీ ఒకే వైపు వేలు చూపిస్తున్నాయి. జొన్న రొట్టె మంచిదే, పీచు ఎక్కువ, కడుపు త్వరగా నిండుతుంది, రెండు తినేసరికి చాలనిపిస్తుంది. దాని గొప్పతనం ఆ చాలనిపించడంలోనే ఉంది. చాలనిపించినా తింటే జొన్నయినా ఒకటే, బాస్మతి అయినా ఒకటే.

ఇక కొలత మాట. రైస్ కుక్కరుతో పాటు వచ్చే ప్లాస్టిక్ కప్పు దాదాపు అందరి ఇళ్ళలోనూ బియ్యం డబ్బాలో పడి ఉంటుంది. అది 180 మిల్లీలీటర్లది. తలగొట్టి కొలిస్తే సుమారు 150 గ్రాముల బియ్యం పడతాయి, ఉడికితే నాలుగు వందల గ్రాములకు అటూ ఇటూగా అన్నం అవుతుంది. ఒక మనిషి ఒక పూట అది తినేయడం ఆయకట్టులో వింతేమీ కాదు. పప్పుతో ఒకసారి, కూరతో ఒకసారి, చారుతో ఒకసారి, పెరుగుతో ఆఖరిసారి కలుపుకుంటే తెలియకుండానే అయిపోతుంది. ఆ కప్పులోని పిండిపదార్థం, చెంచాకు 5 గ్రాముల చొప్పున చూస్తే, 23 చెంచాల చక్కెరలో ఉన్నంత. చాయ్‌లో రెండు చెంచాలు మానేసి ఇక్కడ 23 మింగుతున్నాం. మన భోజనంలో ప్రతి వంటకమూ అన్నాన్ని దించడానికే పుట్టినట్టు ఉంటుంది. కారం, పులుపు, ఉప్పు దట్టించి వండిన కూర చిటికెడు చాలు, ముద్ద నోట్లోకి పోవడానికి. తొక్కు ఉంటే అదీ అక్కర్లేదు. ఈ నిష్పత్తిని తిరగేయాలి. పూటకు అర కప్పు బియ్యంతో మొదలుపెట్టి, కూరను గిన్నెడు చేసి, దాని కారం, ఉప్పు తగ్గించి ఉత్తగా తినగలిగేలా వండాలి. బీరకాయ, సొరకాయ, తోటకూర, బెండకాయ ఏదైనా సరే. ముద్దపప్పు పలచగా కాకుండా గట్టిగా ఉండాలి.

పప్పులు కొనే స్తోమత ఎవరికుందని అడిగేవాళ్ళకు తేలిగ్గా జవాబు చెప్పి తప్పుకోవడం నాకిష్టం లేదు. బియ్యం ఉచితంగా ఇంటికొస్తాయి, కందిపప్పు కిరాణా కొట్టులో డబ్బులు పెట్టి తేవాలి. కూలి దొరకని రోజున ఏది ఎక్కువ తింటారో వేరే చెప్పాలా? కాబట్టి షుగర్‌ను కేవలం క్రమశిక్షణ లేనివాళ్ళ జబ్బుగా చూసే డాక్టర్ల మీద, పత్రికల మీద నాకు కొంచెం కోపమే. ధాన్యానికి గ్యారంటీగా మద్దతు ధర, కొనుగోలు కేంద్రం, రేషన్ దుకాణం అన్నీ ఉండి, పప్పుకు అవేవీ అంత గట్టిగా లేకపోతే కంచం ఎటు వాలుతుందో ఊహించవచ్చు. అయినా ఇప్పటికిప్పుడు చేతిలో ఉన్న దారి ఒకటుంది, అది గుడాలు. పెసర్లు, బొబ్బర్లు, శనగలు, ఉలవలు రాత్రి నానేసి పొద్దున ఉడకబెట్టి ఉప్పు, ఉల్లిగడ్డ కలిపితే నూనె కూడా పెద్దగా పట్టదు. వంద గ్రాముల ఎండు పెసర్లలో 20 గ్రాములకు పైగా మాంసకృత్తులుంటాయి. ఇద్దరికి పొద్దున టిఫినుకు ఆ వంద గ్రాములు సరిపోతాయి, కోదాడ సెంటర్లో ఒక ప్లేటు దోసె ఖరీదు కూడా కాదు. ఒడ్డు మీద నాలుగు బొబ్బర చెట్లు పెట్టుకునే అలవాటు పాత రైతులకు ఉండేది, ఇప్పటికీ వరిగట్టు ఖాళీగానే ఉంది.

ఇదంతా నమ్మనక్కర్లేదు, పరీక్షించుకోవచ్చు. ఇంట్లో గ్లూకోమీటరు ఉన్నవాళ్ళు చాలామంది పరగడుపున ఒకసారి చూసి, అంకె బాగుంటే మురిసి, లేకపోతే దిగులుపడి పక్కన పెడతారు. దాన్ని జతగా చూడాలి. సబ్బుతో చేతులు కడిగి బాగా తుడుచుకోవాలి. మామిడిపండు కోసిన వేలికి అంటిన రసం కూడా అంకెను పెంచేస్తుంది. సూది వేలి కొసన కాకుండా పక్కన గుచ్చాలి, అక్కడ నొప్పి తక్కువ. తినబోయే ముందు ఒకటి, మొదటి ముద్ద తిన్న రెండు గంటలకు మరొకటి. ఈ రెంటి మధ్య తేడాయే ఆ పూట కంచం గురించి చెప్పే సాక్ష్యం. ఒక రోజు ఎప్పటిలా అన్నం తిని చూడండి, మర్నాడు అదే పూట సగం అన్నం, రెట్టింపు కూరతో చూడండి, మూడో రోజు ఆ సగం అన్నం తిన్నాక పావుగంట నడిచి చూడండి. ఆరు పరీక్ష పట్టీలు ఖర్చవుతాయి. ఆ ఆరు అంకెలు చెప్పినంత స్పష్టంగా ఏ వ్యాసమూ చెప్పదు. చాలామందికి డాక్టర్లు పెట్టే గురి పరగడుపున 80 నుంచి 130, తిన్న రెండు గంటలకు 180 లోపు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 7 చుట్టూ ఉంటే మేలంటారు, వయసు పైబడినవారికి కొంత సడలింపు ఇస్తారు. రక్తహీనత ఉన్న ఆడవాళ్ళలో ఈ మూడు నెలల పరీక్ష దారి తప్పించవచ్చు. ఐరన్ లోపం ఉంటే అంకె ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. అలాంటప్పుడు వేలి పరీక్షతో సరిపోల్చుకోవాలి.

మాత్ర వేసుకుంటున్నాం కదా, తిండి మాటెందుకనే ధోరణికీ, మాత్రలు మానేసి కాకర రసం తాగుదామనే ధోరణికీ మధ్య పెద్ద దూరం లేదు. రెండూ ఒక్క వస్తువు మీద భారం వేసి చేతులు దులుపుకునేవే. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం 2006లో ప్రచురించిన అధ్యయనంలో షుగర్ గట్టు మీద ఉన్నవారికి తిండి, నడక మార్పిస్తే ముప్పు 28 శాతానికి పైగా తగ్గింది, మెట్‌ఫార్మిన్ మాత్ర ఇచ్చినా దాదాపు అంతే తగ్గింది. తిండికి మందుతో సమానమైన బలం ఉందని దానర్థం, మందు అక్కర్లేదని కాదు. షుగర్ వచ్చేసినవారికి రెండూ కావాలి. ముఖ్యంగా ఒక జాగ్రత్త చెప్పకుండా ఈ వ్యాసం ముగించడం ప్రమాదం. గ్లిమిపిరైడ్ వంటి మాత్రలో, ఇన్సులినో వాడుతున్నవారు ఉన్నట్టుండి అన్నం సగం చేస్తే పాత మోతాదు ఎక్కువైపోయి షుగర్ పడిపోతుంది. చెమటలు, వణుకు, గుండె దడ, కళ్ళు తిరగడం వస్తే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి వెంటనే తాగాలి, పావుగంట తర్వాత మళ్ళీ చూసుకోవాలి. ఎండలో నాటు వేసే మనిషికైనా, జాతీయ రహదారి మీద ధాన్యం లారీ నడిపే డ్రైవరుకైనా ఇది ప్రాణం మీదికి తెస్తుంది. కాబట్టి అన్నం తగ్గించబోతున్నానని డాక్టరుకు ముందే చెప్పి మోతాదు సరిచేయించుకోవాలి. షుగర్ చాలా ఏళ్ళుగా ఉన్నవారు మడిలో దిగి వచ్చిన సాయంత్రం అరికాళ్ళు కడుక్కుని వెలుతుర్లో చూసుకోవాలి. స్పర్శ తగ్గిన కాలికి ముల్లు దిగినా తెలియదు.

ఇంట్లో ఒక్కరికి షుగర్ వస్తే వాళ్ళకొక వంట, మిగతావాళ్ళకొక వంట అన్న పద్ధతి పదిహేను రోజుల్లో కూలిపోతుంది, వండే మనిషికి ఓపిక అయిపోతుంది. ఆమెకే షుగర్ ఉంటే తన వంట తనకు చివర్న గుర్తొస్తుంది. తల్లికో తండ్రికో షుగర్ ఉన్న పిల్లలకు ముప్పు ఎటూ ఎక్కువే కాబట్టి, కూర ఎక్కువ, అన్నం తక్కువ ఉన్న కంచం ఇంటిల్లిపాదికీ ఒకటే కావాలి. బయట ఫంక్షన్ హాల్లో ఏం చేస్తామని అడుగుతారు. అక్కడ మన పాత బంతి భోజనమే ఒక ఉపాయం చూపిస్తుంది. ఆకులో ముందు కూరలు, పప్పు, వేపుడు వరసగా వడ్డిస్తారు, అన్నం బేసిన్ ఆ చివర నుంచి నింపాదిగా వస్తుంది. కానీ అన్నం వచ్చేదాకా ఎవరూ ఆకు ముట్టరు. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ వైద్యులు 2015లో పదకొండు మంది షుగర్ రోగులకు ఒకే భోజనాన్ని రెండు వరసల్లో పెట్టి చూశారు. కూరగాయలు, మాంసం ముందు తిని పావుగంట ఆగి రొట్టె తిన్న రోజున, గంట తర్వాతి షుగర్ మూడో వంతుకు పైగా తగ్గింది. పదకొండు మంది తక్కువే, కానీ ఈ ప్రయోగానికి ఖర్చేమీ లేదు. అన్నం బేసిన్ ఇంకా నాలుగు ఆకుల అవతల ఉన్నప్పుడు, వంకాయ కూర, పప్పు ఉత్తగా తినడం మొదలుపెడితే పక్కన కూర్చున్నవాళ్ళు ఆకలి మీద ఉన్నాడనుకుంటారు. అనుకోనివ్వండి.